మేడ వాకిట్లో చెత్తకుండీ

1955 ఎండాకాలంలో నన్ను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఇన్‌స్పెక్టరంటే గొప్పగా వినిపిస్తుంది గానీ, పొద్దున్నే సైకిలెక్కి నా వార్డులోని చెత్తకుండీలన్నీ తొంగిచూడటమే పని. పైన హెల్తాఫీసరు, కింద చెత్తబళ్ల మేస్త్రీ. ఇద్దరి సణుగుడూ నాకే.

జిన్నింగు మిల్లు, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు, నడిపే ఒక సేటు తన కూలీల కోసం రెండంతస్తుల మేడ కట్టించాడు. వరసగా ఒంటిగదులు, అందరికీ కలిపి వాకిట్లో ఒకే చెత్తకుండీ. పొద్దున పూట ఆ కుండీ మాటిమాటికీ అంటుకునేది. ఒకరోజు మంట ఎగసి కిందిగదిలో ఉండే నాగమ్మ తలుపు కాలింది. సేటు గుమాస్తా అప్పటికప్పుడే దోషిని తేల్చేశాడు. పైఅంతస్తు మూలగదిలోని మరియమ్మ కుండీలో బూడిద పోస్తుండగా చూశాడట. నేను రిపోర్టు రాయగానే ఆమెచేత గది ఖాళీ చేయిస్తానన్నాడు. మరియమ్మకు మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ గది పోతే ఊళ్లో మరో నీడ లేదు.

"నేను పోసింది సల్లారిన బూడిదే సార్, యేసయ్య తోడు. పిల్లోళ్లనేసుకొని యాడికి పోవల్ల?" అని ఏడ్చింది.

గుమాస్తా మీద నాకు ఒళ్లు మండింది. అయినా కోపంతో రిపోర్టు రాయలేం కదా. కుండీని బోర్లా తోయించాను. చెత్త తనిఖీలో మొదటి పని అదే, అడుగు దాకా పొరపొరగా చూడాలి. కూలీలు ఒంటిమీద మోసుకొచ్చిన దూది నూగును ఆడవాళ్లు పొద్దున్నే ఊడ్చి పోస్తారు. ఆ నూగు పొరల మధ్య బూడిద, బూడిదలో మసిబారిన కుండపెంకులు చాలానే ఉన్నాయి. ఒక్క గదిలో అన్ని పెంకులు ఎందుకుంటాయి? ఇవెవరివని అడిగాను. చివరికి తలుపు కాలిన నాగమ్మే ముందుకొచ్చింది.

"పెంకులు మావే సార్. మరియమ్మక్క రాత్రిపూట తుమ్మనిప్పులు బూడిదలో కప్పెట్టి ఉంచుతాది. అగ్గిపెట్టె దండగని తెల్లారతానే మేమంతా పోయి పెంకుల్లో నిప్పు తెచ్చుకుంటాము. పొయ్యి రాజుకున్నంక మిగిలిన నిప్పు పెంకుతోపాటే కుండీలో పారేస్తాము. అక్కను పంపిస్తే మా పొయ్యిలెట్ల ముట్టిచ్చల్ల?"

"మరి ఇంతకాలం చెప్పలేదేమమ్మా?"

"మమ్మల్ని గూడా బయటికి తోస్తాడని భయం సార్."

గుమాస్తా వెంటనే అందుకున్నాడు. "అట్లయితే నిప్పు ఆయమ్మదే గదా సార్!"

ఆహా, ఏం తెలివి! "అంటుకున్న నూగు మీ మిల్లుదే గదప్పా, సేటును గూడా ఖాళీ చేయిద్దామా?" అన్నాను.

మంటకు ఏ ఒక్కరూ కారణం కాదని రిపోర్టు రాశాను. బూడిదకు వేరే గుంత, నూగుకు మూతడబ్బా సేటే పెట్టించాలని నోటీసిచ్చాం. నీళ్లు చల్లాకే బూడిదను బండికెత్తాలని మేస్త్రీకి చెప్పాను. హెల్తాఫీసరు సణుగుతూనే సంతకం చేశాడు. మరియమ్మ గది ఆమెకే ఉండిపోయింది. కుండీ మళ్లీ అంటుకోలేదు. ఆడవాళ్లు మాత్రం తెల్లారగానే పెంకులు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడేవాళ్లు.

ఆ తర్వాత ఏ కుండీ మీద ఫిర్యాదు వచ్చినా, ఎవరు వేశారని ముందు అడగలేదు. ఏమేం వేశారని అడిగాను. ఎవరని అడిగితే, వేలెత్తి చూపించేది దిక్కులేని మనిషినే.