దావీదు బూట్ల లేసులు

ఆ రోజు నేను దావీదు బూట్ల లేసులు విప్పలేదు. నా తప్పు అంతే. చెప్పడానికి ఇంత చిన్నది. మోయడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది జహీరాబాద్ పక్క పల్లె. డెబ్బైల్లో, టౌనులో చదువుకునే రోజుల్లో, మేము ఏడెనిమిది మందిమి చక్రాల బూట్లు వేసుకొని స్కేటింగ్ చేసేవాళ్లం. పరుగు పందెం లాంటిది కాదు. పాటకు తగ్గట్టు గుండ్రంగా తిరగాలి, ఒంటికాలి మీద సాగాలి, గాల్లోకి ఎగిరి మళ్లీ తూలకుండా నిలబడాలి. వేరే దేశాల్లో దీన్ని మంచు మీద చేస్తారని మా డ్రిల్లు సారు చెప్పేవాడు. మాకు మంచెక్కడిది? అల్లం ఆరబోసే సిమెంటు కళ్లం ఉండేది. అల్లం ఎత్తేశాక దాన్ని ఊడ్చి, సుద్దతో వలయాలు గీసి, సారు తన టేప్‌రికార్డర్ పెట్టేవాడు. బూట్లు కూడా ఆయనవే. ఎంత ఊడ్చినా నేలలోంచి అల్లం వాసన వస్తూనే ఉండేది.

ఏడాదికొకసారి పోటీ. బీదర్ నుంచి, సంగారెడ్డి నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. నాకు పోటీ కంటే అది అయిపోయాక వచ్చే ఆ గంటా రెండు గంటలే ఇష్టం. ఇప్పటికీ సాయంత్రం ఎండ వాలుతుంటే నా మనసు అక్కడికే పోతుంది. వేడి తగ్గని సిమెంటు మీద అందరం గుండ్రంగా కూర్చునేవాళ్లం. సారు పెట్టిన పద్ధతి ఒకటుండేది. గెలిచినవాడు కింద కూర్చొని, ఓడినవాళ్ల బూట్ల లేసులు ఒక్కొక్కరివీ తన చేత్తో విప్పాలి. ఆ తర్వాతే చాయ్. గంగాళంలో ఉప్పు వేసిన వేడినీళ్లు పెడితే వంతులవారీగా కాళ్లు ముంచేవాళ్లం. మిర్చి బజ్జీలు వచ్చేవి. కాళ్లు తేలికపడ్డాక ఒకరి బూట్లు ఒకరం తొడుక్కొని, ఒకరి నడక ఒకరం వెక్కిరించేవాళ్లం. బీదర్ వాళ్లు కన్నడంలో జడ్జీ మీద ఏదో అనేవాళ్లు, అర్థం కాకున్నా మేమూ నవ్వేవాళ్లం. దావీదు నా బూట్లు వేసుకొని, గడ్డం పైకెత్తి, రొమ్ము విరుచుకొని ఒక చుట్టు తిరిగి కావాలనే పడిపోయేవాడు.

"అరేయ్, నువ్వు తిరుగుతుంటే పెండ్లికొడుకును గుర్రమెక్కిచ్చినట్టుంటది రా. యాడికి పోవాల్నో గుర్రానికి తెల్వది, పిల్లగానికి తెల్వది" అనేవాడు.

అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

దావీదుది మా ఊరే, న్యాల్‌కల్ దిక్కు. వాళ్ల నాన్న మా ఇంట్లో జీతగాడు, మా పొలం పని చేసేవాడు. దావీదు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, నేను మేనత్త ఇంట్లో. సెలవులకు ఊరికి పోయినప్పుడు దారిలో ఎదురైతే "పటేలా" అని పక్కకు జరిగేవాడు. కళ్లంలో "అరేయ్" అనేవాడు. రెండూ నాకు సహజంగానే ఉండేవి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి రావడానికి అతను లోపల ఎంత దూరం నడుస్తున్నాడో నేను ఎన్నడూ అడగలేదు.

మూడేళ్లు అతనే గెలిచాడు. మూడేళ్లూ నా ముందు కూర్చొని నా లేసులు విప్పాడు. ముడి బిగుసుకుంటే పంటితో లాగేవాడు. నేను వెనక్కి చేతులు ఆనించి కబుర్లు చెప్పేవాడిని. అప్పుడు ఒక్కసారైనా నాకు ఇబ్బందిగా అనిపించిందా? లేదు. ఎందుకు అనిపించలేదని చాలా కాలం నన్ను నేను అడగకుండా తప్పించుకున్నాను. నా కాళ్ల దగ్గర ఉన్నది గెలిచినవాడని నేను అనుకోలేదు. దావీదు ఉన్నాడు, ఉండవలసిన చోటే ఉన్నాడు అనుకున్నాను.

నాలుగో ఏడు నేను గెలిచాను.

అందరి లేసులూ విప్పుకుంటూ వచ్చాను. చివర దావీదు. కాళ్లు చాపి, "జర మెల్లగ రా, మడమ పుండయింది" అన్నాడు నవ్వుతూ. నా చేతులు ముందుకు పోలేదు. చుట్టూ వాళ్లు పాటలు అందుకొని ఉన్నారు. ఎవరికీ వినపడకుండా వంగి అన్నాను.

"మీ నాయిన మా ఇంట్ల జీతమున్నడు. నీ కాళ్లు నేను పట్టాల్నా?"

నవ్వు ఇంకా కొంచెం అతని ముఖం మీదే ఉండిపోయింది.

"ఈడ గూడనా, పటేలా?" అన్నాడు.

లేచాడు. చక్రాల మీదే గేటు దాకా పోయి, రాయి మీద కూర్చొని తన లేసులు తనే విప్పుకున్నాడు. బూట్లను గోడ పక్కన జతగా పెట్టి, ఉత్త కాళ్లతో వెళ్లిపోయాడు.

ఏమైందని సారు అడిగాడు. "ఓడిపోయిండు గద సార్, మనసుకు పట్టింది" అన్నాను. ఇది రెండో తప్పు. మొదటిది నోరు జారిందని చెప్పుకోవచ్చు. ఇది ఆలోచించుకొని చెప్పింది. అందరూ నమ్మారు. సారు ఒకసారి హాస్టల్‌కు కబురు పంపాడు, దావీదు రాలేదు, కారణమూ చెప్పలేదు. ఓటమిని తట్టుకోలేనివాడు నాకొద్దని, బొంబాయి పోటీకి పంపే ఇద్దరిలోంచి సారు అతని పేరు కొట్టేశాడు. ఎప్పుడూ గెలిచే దావీదుకు ఒక్కసారి ఓడితే అంత రోషమా అని మావాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను.

బొంబాయి వెళ్లాను. ఏ స్థానమూ రాలేదు. పోటీ అయ్యాక అక్కడ ఎవరి బూట్లు వాళ్లే విప్పుకొని, ఎవరి జట్టుతో వాళ్లు పోయారు. వెక్కిరించేవాడు ఒక్కడు ఉంటే బాగుండునని ఆ పెద్ద హాల్లో కూర్చొని అనుకున్నాను.

మా నాన్న మనుషులెవరో గేటు దగ్గర ఉన్నారని, వాళ్లు చూస్తారని భయపడ్డానని కొన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మావాళ్లెవరూ అక్కడ లేరు. ఆ మాట నాలోదే.

ఇప్పుడు ఎనభైలు గడిచిపోతున్నాయి. దావీదు మొగుడంపల్లిలో వెల్డింగ్ దుకాణం పెట్టుకున్నాడని నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ దారిన బస్సులో పోవాల్సి వస్తే కిటికీ సీటు వదిలేసేవాడిని.

ఈ ఏడు పోటీ అయ్యాక, గెలిచిన పిల్లవాడు ఓడినవాళ్ల లేసులు విప్పడం చూసి, చాయ్ పోస్తుండగా లేచి నిలబడ్డాను. ముసలివాడైన సారు ఉన్నాడు, పాతవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. దావీదుతో నేనన్న మాట అన్నట్టుగానే చెప్పాను. సారుతో ఆడిన అబద్ధమూ చెప్పాను. సారు గ్లాసు కింద పెట్టి, "నా చేత్తోని వాని పేరు కొట్టేపిచ్చినవ్ గదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మరునాడు మొగుడంపల్లి వెళ్లాను. దావీదు గేటు ఒకటి అతుకుతున్నాడు. పని ఆపి విన్నాడు.

"అందరి ముంగట చెప్పినవా?"

చెప్పానన్నాను.

"మంచి పని చేసినవ్. మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకెరికే గద."

పిల్లలకు నేర్పడానికి రమ్మని సారు అడగమన్నాడని చెప్పాను. పనున్నదన్నాడు. కళ్లకు అద్దం పెట్టుకొని మళ్లీ వంగాడు. బస్సుకు నడిచి వచ్చేశాను.

అతను రాలేదు. వస్తాడని రోజూ ఎదురుచూస్తున్నాను, ఎదురుచూసే హక్కు లేదని తెలిసీ. ఇన్నేళ్లూ దావీదు ఎందుకు మానేశాడని అడిగినవాళ్లకు నా అబద్ధమే జవాబుగా ఉండేది. ఇప్పుడు అడిగితే, నా వల్ల మానేశాడని చెబుతున్నాను. నిన్న కూడా ఒకరికి చెప్పాను. ఇవాళ మీకు.