అత్త వదలని తాడు

మా అపార్టుమెంటు వెనక పిల్లలు ఆడుకునే బాస్కెట్‌బాల్ రింగుకి వల చిరిగిపోయి ఆరు నెలలైంది. అసోసియేషన్ వాళ్ళు ప్రతి మీటింగులోనూ ఆ సంగతి పుస్తకంలో రాసుకుంటారు, టీ తాగుతారు, లేచిపోతారు. నిన్న సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే కింద ఒకటే గొడవ. "పడింది!" "పడలేదు, బయటినుంచి పోయింది." "నేను చూశాను కదరా." "నువ్వు వాడి ఫ్రెండువి. నీ మాట ఎవడు నమ్ముతాడు?" ఆ చివరి మాట వినేసరికి చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నలభై ఏళ్ళు దాటింది, మల్కాపురంలో మా స్కూలు గ్రౌండులో, పదిమంది ముందు, ఇంచుమించు అదే మాట మా అత్తని అన్నారు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మాది సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్నా, అత్త మొగుడైన మా మామయ్యా పోర్టులో కలాసీలుగా చేరాక అందరం మల్కాపురంలో పక్కపక్క ఇళ్ళలోకి వచ్చిపడ్డాం. డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని ఊరంతా చెప్పుకోవడమే గాని, పొగ ఇంకా ఎవరూ చూడలేదు. మగవాళ్ళు గట్టెక్కినా అత్త మాత్రం సముద్రంతో తెగతెంపులు చేసుకోలేదు. తెల్లవారేసరికి రేవుకి వెళ్ళి చేపలు తెచ్చి, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆ అమ్మకమంతా ఒక్క మాట మీద నడిచేది. "ఈయేళవే" అందంటే ఆ రోజు పట్టినవే. కాకపోతే తనే ముందు చెప్పేది: "నిన్నటియమ్మా, పులుసుకి పనికొత్తాయి, ఏపుడికి మాత్రం ఒద్దు." అందుకే మా వీధుల్లో ఆడవాళ్ళు ఆమె దగ్గర చేప కొంటే తాజాదో కాదో అని మొప్ప ఎత్తి చూసేవాళ్ళు కాదు.

మామయ్యకి ఆటల పిచ్చి. ఆడటం కాదు, ఆటల గురించి మాట్లాడటం. విదేశీ ఓడల్లో నావికులు చదివి పారేసిన పేపర్లు, సామాన్లు చుట్టిన పేపర్లు ఏవి దొరికినా మడతపెట్టి అన్నం డబ్బా సంచిలో దోపుకుని తెచ్చేవాడు. అవి రెండు మూడు నెలల పాతవి. సగం చిరిగి, గ్రీజు మరకలతో ఉండేవి. అయినా సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని, ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ, ఆ పొద్దున జరిగినట్టే వార్తలు చెప్పేవాడు. "ఏటి బావా, ఈయేళ అమెరికాలో ఏటైనాది?" అని నాన్న అడిగేవాడు. ఆ వార్తలు పాతవని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పొరపాటున కూడా ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఒకసారి బేస్‌బాల్ వార్త వచ్చింది. అందులో తొమ్మిది ఇన్నింగ్స్ అని ఉంది. రేడియోలో క్రికెట్ వినే మావాళ్ళకి, జట్టుకి రెండేసి ఇన్నింగ్స్ ఆడటానికే ఐదు రోజులు పడుతుందని తెలుసు. నాన్న వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, ఒక్క ఆటకి ఇరవై రోజుల పైమాటే అని తేల్చాడు. "మరి ఆలకి డూటీలుండవేటి బావా?" అన్నాడు. మామయ్య చాలాసేపు ఆలోచించి, "సెలవెట్టీసి ఆడతారు గావాల" అన్నాడు. ఇద్దరూ ఆ ఆటగాళ్ళ పెళ్ళాం పిల్లల్ని తలుచుకుని జాలిపడ్డారు. ఇంకోసారి వాళ్ళ ఫుట్‌బాల్ బొమ్మ చూశారు. బంతి కోడిగుడ్డులా ఉంది, మనుషులు మొహానికి చువ్వలు బిగించిన టోపీలు పెట్టుకున్నారు. "ఈళ్ళు వెల్డింగు డిపార్టుమెంటోళ్ళు" అని నాన్న. "కాదు బావా, ఆటోళ్ళే. బంతి ఎటు దొర్లుద్దో తెలీక మొకాలు కాసుకుంటన్నారు" అని మామయ్య. అత్త గంప కడుగుతూ అన్నీ వినేది. ఈ మగాళ్ళకి పనీపాటా లేదని అప్పుడప్పుడు ఒక నిట్టూర్పు విసిరేది.

బాస్కెట్‌బాల్ మాట వస్తే మాత్రం అత్త చేతులు ఆగేవి, ఎందుకంటే ఆ ఆట నేను ఆడేదాన్ని. మా స్కూల్లో ఆడపిల్లల జట్టు ఉండేది. జట్టు ఉందిగాని స్తంభం ఒక్కటే. రెండు జట్లూ అందులోనే వెయ్యాలి. ఓడల్లో సరుకు కింద పరిచే చెక్కలతో బోర్డు, ఇనుప కడ్డీ వంచి అతికిస్తే రింగు. దానికి వల ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఐదింటికి స్కూలు పక్కనున్న కంపెనీ సైరన్ మోగితే ఆట అయిపోయినట్టు. మా డ్రిల్లు మాస్టారి వాచీ మీద ఆయనకే నమ్మకం ఉండేది కాదు.

ఏటా తగరపువలస నుంచి ఒక జట్టు మాతో ఆడటానికి వచ్చేది. నేను తొమ్మిదిలో ఉండగా చివరి నిమిషంలో రెండు జట్లమూ సమానంగా ఉన్నాం. నేను విసిరిన బంతి ఇనుముకి తగలకుండా రింగులోంచి జారి కింద పడింది. వల లేదు కదా, పక్కనుంచి చూసేవాళ్ళకి లోపలినుంచి పడిందో ముందునుంచి పోయిందో తెలియదు. మాస్టారు "బయటినుంచి పోయింది" అన్నారు. అప్పటికే అమ్మకం ముగించుకుని ఖాళీ గంపతో రింగు కిందే నిలబడి ఉంది అత్త. "లోంచే పడ్డాది మేస్టారూ, నాను సూసినాను" అంది. మాస్టారు చెడ్డమనిషి కాదు. సొంత స్కూలుకి మొగ్గు చూపాడంటారన్న భయంతో మాకు న్యాయంగా రావలసినవి కూడా కోసేసే రకం. "మేనకోడలి కోసం చెబుతున్నావు. నీ మాట ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు. జనం నవ్వారు. మరుక్షణం వాళ్ళు ఇంకో బంతి వేసి గెలిచారు.

ఆటలో ఓడింది నేను. ఆ దెబ్బ మాత్రం అత్తకి తగిలింది. మర్నాడు వీధిలో ఎవరో, "ఈ కానాగంత చేపలు లోపల్నించి పడ్డాయా, బయట్నించి పోయాయా?" అని నవ్వుతూ మొప్ప ఎత్తి చూశారు. అది చూసి మరో ఇంటావిడా ఎత్తింది. పది రోజుల్లో అదొక అలవాటైపోయింది. మాస్టారి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆయన మొదటినుంచీ రెండువైపులా మొప్పలెత్తి, వేలితో నొక్కి, వాసన చూసి కొనే మనిషి. ఒకరోజు అత్త ఇంటికొచ్చి గంప దించి మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "సింహాద్రప్పన్న సాచ్చిగా సెప్తన్నాను. నా మాట నిజిమని ఆ మేస్టారు ఒప్పుకోవాల. వచ్చే ఏడు ఇదే రింగు కాడ ఒప్పిత్తాను" అంది. మామయ్య పేపరు మడిచేశాడు.

దారి మళ్ళీ మామయ్య పేపర్లోనే దొరికింది. బాస్కెట్‌బాల్ ఆట బొమ్మ ఒకటి, పేజీలో సగం. రింగు కింద తెల్లగా ఏదో వేలాడుతోంది. అత్త చెయ్యి తుడుచుకుని పేపరు లాక్కుని చూసింది. "ఓలమ్మ! ఇది వల కాదేటి!" అంది. మావాళ్ళలో వల అల్లటం మగవాళ్ళ పని. కానీ తాతకి చూపు మందగించాక అత్తే ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ మధ్యాహ్నం నుంచే వెదురు సూదీ నైలాన్ దారమూ తీసింది. వలలో కన్ను తర్వాత కన్ను, అమ్మకం నుంచి వచ్చాక అన్నం తిని, రోజూ ఇంత. రెండుసార్లు కొలత తప్పి మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. బతిమాలినా ఆగదు, ఎగతాళి చేసినా ఆగదు.

వల తయారైంది. మేము ఎగురుకుంటూ వెళ్ళి రింగుకి కట్టాం. నేను బంతి వేశాను. బంతి లోపలికి వెళ్ళింది, మళ్ళీ కిందికి రాలేదు. అత్త అడుగు మూసి అల్లింది! మామయ్య వెదురుగడ తెచ్చి కిందనుంచి పొడిచి బంతిని బయటికి తోశాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ గడ. బొమ్మ చూపించి, "ఆలు కింద బొక్క ఒగ్గీసినారు సూడవే" అన్నాడు. "ఆలకి సేపలు తెలీవు. కిందన బొక్కుంటే అది వలేటి?" అంది అత్త. కోసేద్దామని నేను కత్తెర తెస్తే, కత్తెర తీసుకుని బియ్యం డబ్బాలో దాచేసింది. వారం రోజులు మా ఇంట్లో అమెరికాకీ అత్తకీ మధ్య ఇదే పేచీ. నాన్న అమెరికా పక్షం, నేను అమెరికా పక్షం. మామయ్య అన్నం పెట్టేది ఎవరో గుర్తుపెట్టుకుని తటస్థంగా ఉండిపోయాడు.

ఒకరోజు అత్త రేవు నుంచి గంప నిండకుండానే పరుగున వచ్చేసింది. పెద్ద బోట్లు లాక్కొచ్చే వలకి అడుగున తాడు ఉంటుంది. బిగించి ఉన్నంతసేపూ చేప లోపలే ఉంటుంది. తాడు వదులు చేశారంటే మొత్తం కుప్పగా కింద పడుతుంది. ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే, ఆ పొద్దున కొత్తగా కనపడిందట. తన వల అడుగు తనే విప్పి, ఆ చివరి వరస కన్నుల్లోంచి ఒక తాడు దూర్చి, దాన్ని స్తంభం మీదుగా వెనక్కి దించింది. లాగి పట్టుకుంటే వల మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. "ఇప్పుడు బంతి లోపలుందో నేదో గుడ్డోడికీ కనపడద్ది. అందరూ సూసినాక వొదుల్తాను" అంది.

ఏడాది తిరిగి ఆట రోజు వచ్చింది. మాస్టారు వలని చూసి, తాడు చూసి, తాడు పట్టుకున్న మనిషిని చూసి, "ఇది రూల్సులో లేదు" అన్నారు. అత్త స్తంభం వెనకనుంచి కదల్లేదు. "బాబూ, నా మాట నమ్మొద్దు. మీ కళ్ళతో మీరే సూడండి" అంది. ఆయన విజిల్ ఊదారు. ఆట మొదలైంది. బంతి పడ్డప్పుడల్లా వలలో చిక్కిన చేపలా వేలాడేది. మాస్టారు తలెత్తి చూసి విజిల్ ఊదేవారు. అత్త తాడు వదిలేది, జనం గోలచేసేవాళ్ళు. తగరపువలస పిల్లలకి ఇది ఎంత నచ్చిందంటే, తాము వేసినప్పుడు తాడు తామే వదులుతామని అత్తని బతిమాలారు. అత్త ఒప్పుకోలేదు.

సైరన్‌కి ఇంక క్షణాలే. మేము ఒక్క పాయింటు ముందున్నాం, బంతి పడితే రెండు. మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని కంపెనీ వైపు తిరిగి చెవి రిక్కించి ఉన్నారు. జనమంతా అటే చూస్తున్నారు. అప్పుడే వాళ్ళ జట్టులో పొట్టి పిల్ల ఒకతె బంతి విసిరింది. అది రింగు మీద ఒక్క గెంతు గెంతి లోపలికి దిగింది. వెంటనే సైరన్ మోగింది. పడటం చూసింది రింగు కింద ఉన్న నలుగురం, అత్తా. తాడు వదిలేస్తే బంతి కింద పడిపోతుంది. ఆ తర్వాత వాళ్ళు పడిందంటారు, మేము పడలేదంటాం, మాస్టారు చూడలేదు, గెలుపు మాది. "వదిలెయ్యత్తా, తొందరగా వదిలెయ్యి" అన్నాను. అన్నది నేనే. పోయినేడు పడిన బంతిని పడలేదంటే రాత్రంతా ఏడ్చిన నేనే. ఇన్నేళ్ళకీ ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అత్త నా వైపు చూసింది. తిట్టలేదు. తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "ఒగ్గను గుంటా. సూడనీ. అందర్నీ సూడనీ" అంది. సైరన్ మోగుతూనే ఉంది, అత్త చేతి నరాలు ఉబ్బి కనపడుతున్నాయి. సైరన్ ఆగింది. మాస్టారు ఇటు తిరిగి, నిదానంగా రింగు కిందికి వచ్చి తలెత్తారు. బంతి వలలో ఉంది. ఆయన దాన్ని చూశారు, అత్తని చూశారు, నన్ను కూడా చూశారు. విజిల్ ఊదారు. అప్పుడు వదిలింది అత్త. బంతి నా కాళ్ళ దగ్గర పడింది. మేము ఓడిపోయాం.

ఇంటికి వెళ్ళేదాకా అత్తకన్నా పది అడుగులు ముందే నడిచాను. మామయ్య ఒక్కడే, "ఈ వార్త ఏ పేపర్లోనీ రాదు, నానే సెప్పుకోవాల" అని ఆ మెట్ల మీద నెల రోజులు చెప్పాడు. ఆట మర్నాడు ఆదివారం. బరువుకి సాయం పట్టమని అత్తే నన్ను వెంట తీసుకెళ్ళింది. మాస్టారి గుమ్మం ముందు గంప దించాం. ఆయన వచ్చి నిలబడ్డారు. అత్త ఎప్పటిలాగే "ఈయేళవే" అంది. మాస్టారు వంగి పెద్ద చేప ఒకటి ఎత్తారు. మొప్పలు చూస్తారని నేను ఎదురుచూశాను. ఆయన చూడలేదు. దాన్ని అలాగే గిన్నెలో వేసుకుని, "పోయినేడు నీ మేనకోడలు వేసిన బంతి కూడా లోపలినుంచే పడి ఉంటుంది" అని, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. అత్త గంప ఎత్తుకుని పక్కింటి వైపు నడిచింది. వీధి మలుపు తిరిగాక మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అత్త పోయి చాలా ఏళ్ళైంది. వల అల్లటం నేర్పుతాను రమ్మంటే పరీక్షలని తప్పించుకున్నాను. అందుకే ఇవాళ బజారు నుంచి వల తెప్పించి, పిల్లల చేత కట్టించి, అడుగున ఒక తాడు మాత్రం నేనే దూర్చాను. "ఇదెందుకు ఆంటీ?" అని నవ్వారు. చెబుతాను, ముందు వెయ్యండి అన్నాను. ఆ ఐదు గంటల సైరన్ మోగి ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది. అత్త మాత్రం నాకింకా తాడు బిగించి పట్టుకునే కనపడుతుంది, కాలమే వచ్చి తలెత్తి చూసేదాకా వదలనన్నట్టు.