పసుపు మండ, పరమాణువు

పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో ఒంట్లో సత్తువ మిగలదు. ఆ సాయంత్రం కల్లంలో కొమ్ములు తిరగేసి, నడుము పట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు అట్ట, జిగురు, పూసలు తెచ్చి ముందు పెట్టింది. మర్నాడు కార్బన్ పరమాణువు నమూనా చేసుకుపోయి తరగతిలో వివరించాలట. కిందటిసారి మాట రాక నిలబడిపోతే పిల్లలంతా నవ్వారు. ఈసారీ నవ్వితే ఇక బడికే పోనంటోంది.

"గింతేనా బిడ్డా? పరమాణువును నేను చేతుల పట్టి చూసిన," అన్నాను. ఒళ్లు అలిసినా నోరు అలిసిపోదు. "పసుపు దుంప తీరుగ ఉంటది. నడుమ తల్లిదుంప మండ, దాన్ని పట్టుకొని కొమ్ములు. మండ కేంద్రకం, కొమ్ములు ఎలక్ట్రాన్లు."

పసుపు విరిచే ఇంట్లో పుట్టిన పిల్ల, నమ్మక ఏం చేస్తుంది? ఆరు ఎర్ర పూసలు ప్రోటాన్లు, ఆరు తెల్లవి న్యూట్రాన్లు. అన్నీ ముద్దగా నడుమ అంటించింది. ఎలక్ట్రాన్లని ఆరు నీలం పూసలు ఆ ముద్దకే అతికించింది. తర్వాత పుస్తకంలో బొమ్మ చూసి గొల్లుమంది.

"తాతా, ఎలక్ట్రాన్లు కేంద్రకానికి తాకనే లేవు! దూరంగ తిరుగుతున్నయి. నువ్వు నిజంగ చూసినవా?"

"లేదు బిడ్డా. దాన్నెవరు చేతుల పట్టలేరు. నేను ఏడోదాంట్లనే బడి బంజేసిన."

"జర కోతలు బంజెయ్ తాతా! ఇప్పుడు నా గతేంది?"

ఇద్దరం కూర్చుని నీలం పూసలు ఊడబీకాం. జిగురు ఆరిపోయింది, నా వేళ్లలో బలం లేదు. లోపలి వలయంలో రెండు, బయటి వలయంలో నాలుగు పెట్టింది.

"ప్రోటాన్లది ధనావేశం, ఎలక్ట్రాన్లది రుణావేశం. రెండూ సమానం గాబట్టి మొత్తంల ఆవేశం లేదు. న్యూట్రాన్‌కు అసలే లేదు," అంది నాకు అప్పజెబుతూ.

"మరి ఎంత దూరం పెట్టాలె?"

"కేంద్రకం మన మండంత ఉంటే ఎలక్ట్రాన్ ఊరి చివర్ల తిరగాలె."

"నడుమ ఏముంటది?"

"ఏముండదు. ఖాళీ."

కల్లం నిండా ఉన్న పసుపు వంక చూశాను. "గంత ఖాళీ అయితే మోస్తుంటె నా నడుమెందుకు ఇరుగుతుందే?"

"బరువంత కేంద్రకంలనే ఉంటది తాతా."

మర్నాడు బడి నుంచి రాగానే అడిగాను, "నవ్విన్రా?"

"నవ్విన్రు. మా తాత ఎలక్ట్రాన్లను మండకు అతికిపిచ్చిండని నేనే చెప్పిన. అది ఎందుకు తప్పో కూడ చెప్పిన."

"రేపు పోతవా మరి?"

"పోకుంటె ఎట్ల? పక్క సెక్షన్‌ల గూడ చెప్పమన్నరు."