వెన్నునీటి సీసా

మా నాన్న వెన్నులోంచి తీసిన నీటి గురించి ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. పెళ్లిళ్లలో అడిగాను, చావుల్లో అడిగాను. నేను నోరు తెరవగానే మా బాబాయి "వడ్డించండర్రా" అంటాడు. అందుకే రాస్తున్నాను.

తొంభైల్లో ఓ వేసవి. కొబ్బరి దింపు చేయిస్తూ నాన్న కాయల రాశి పక్కనే కూలిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. వెంటనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లకుండా బాబాయి పావురాలు తెప్పించాడు. పక్షవాతానికి పావురం రక్తం మావైపు మందు. నాన్న మీదే వాటి మెడలు తుంచి, వేడి రక్తం చేతికీ కాలికీ పట్టించాడు. తల తెగిన పావురం నాన్న ఛాతీ మీద రెక్కలు కొట్టుకుంటుంటే తోసేయబోయాను. బాబాయి కొబ్బరిమట్టతో నా వీపు చీరేశాడు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు నాన్నను రొయ్యలా వంచి పట్టుకోమన్నారు. నడుంలో సూది దించి గాజుసీసాలోకి నీరు పట్టారు.

"మెదడు దెబ్బతింటే అందులోని పదార్థాలు కొన్ని ఈ నీటిలోకి దిగుతాయండి. హైదరాబాదులో మావాళ్లు దీనిమీదే పనిచేస్తున్నారు, పంపిస్తాను. మీ నాన్నగారికి లోపల ఎంత మిగిలిందో కొంతైనా అంచనా దొరుకుతుంది."

"బొండంలో నీళ్లు తోడేసేకా ఇంకేం ఉంటాదండీ, డొక్కేగా!" అంటూ బాబాయి సీసా లాక్కుని గోడకేసి కొట్టాడు. డాక్టరుగారి చెంప కూడా పగలగొట్టాడు. అడ్డం వెళ్లిన నన్ను తోస్తే గాజుపెంకుల మీద పడి మోచెయ్యి చీలింది. ఆ డాక్టరు నాన్న నడుంలో మళ్లీ సూది దించలేదు.

నాన్న ఏళ్ల తరబడి మంచం మీదే బతికాడు. బాబాయి వచ్చినప్పుడల్లా కాల్చిన గరిటె ఆయన కుడిపాదానికి పెట్టి, "చూసేరా? ఉలుకూ పలుకూ లేదు. అన్నయ్యకేం తెలీదు" అనేవాడు.

కుడికాలు కదలలేదు, నిజమే. ఎడమచెయ్యి మంచం పట్టెను బిగించి పట్టుకుని వణికింది. నేను చూశాను. గరిటె లాక్కుని బాబాయి మణికట్టుకి అదిమాను. తోలు లేచొచ్చింది. ఊరంతా నన్నే తిట్టింది. తిట్టనీ.

మొన్న నాన్న తద్దినంనాడు బాబాయిని మళ్లీ అడిగాను.

"ఆ పాతగోల ఇప్పుడెందుకురా? గారెలు చల్లారిపోతన్నాయి" అన్నాడు.

బాబాయిగారూ, కాస్తోకూస్తో చెప్పగలిగిన ఒక్క సీసానీ మీరే బద్దలు కొట్టారు. మరి నాన్నకేమీ తెలియదని మీకెవరు చెప్పారు? గారెలు పక్కన పెట్టి జవాబు చెప్పండి.