నా చెయ్యి లేస్తే గట్టిమేళం

ముందే చెప్తున్నా, నవ్వితే ఊరుకోను. మార్కాపురంలో మా చెల్లెలు సుజాత పెళ్ళిని ఈ ఒక్క కుడిచేత్తో అల్లకల్లోలం చేసినోణ్ణి నేను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతాది.

అప్పట్లో నాకు సంగీతం పిచ్చి. పాడేది రాదు, వాయించేది రాదు, అర్థాలు చెప్పేది మాత్రం బాగా వచ్చు. ఎవరు ఏది వాయించినా పక్కనోని భుజం గోకి, "ఇదిగో, ఇక్కడ రాగం అలిగింది, ఇప్పుడు బతిమాలుకుంటాంది" అని చెప్పకపోతే నాకు అన్నం అరగదు. దోర్నాల బస్సులో ఒకాయన నా వివరణకు తట్టుకోలేక అడవిలో చెక్‌పోస్టు కాడ దిగిపోయినాడు. చెవులు లేని మనిషి అని తిట్టుకున్నా.

పెళ్ళికి ముందురోజు సుజాత రెండు చేతులూ జోడించింది. "అన్నా, నీకు దండం పెడతా. రేపు ఒక్కపూట నోరు మూసుకో."

మూసుకున్నానండీ. చెయ్యి సంగతి ఆ పిల్ల చెప్పలేదు.

తాళి కట్టేటప్పుడు అయ్యగారు చెయ్యి లేపితే గట్టిమేళం మోగాల. ఎవరన్నా తుమ్మినా ఏడ్చినా పెళ్ళికూతురు చెవిన పడకుండా. అయితే ఈ కాలం పెళ్ళిళ్ళలో అయ్యగారు ఎక్కడ కనపడతాడు? కెమెరాలోళ్ళు మండపం చుట్టూ గోడ కట్టి, వీపులు మనకు పెట్టినారు. మేళమోళ్ళకు ఏం కనపడక, మా నాయన నన్ను నడుమ కుర్చీ మీద నిలబెట్టినాడు.

"అయ్యగారు చెయ్యి లేపితే నువ్వు లేపు. సంగీతం తెలిసినోడివి గదా!"

ఆ మాటతోనే చెడిపోయినా.

జీలకర్రబెల్లం అయింది. తాళిబొట్టు పళ్ళెంలో పెట్టుకొని మా పెద్దమ్మ పెద్దోళ్ళ చేత తాకించుకుంటా వస్తాంది. అప్పుడు ఎత్తుకున్నాడు సన్నాయి ఆయన ఒక రాగం. అబ్బా! ఆడపిల్ల గడప దాటుతా వెనక్కి తిరిగి చూసినట్టే ఉంది. అది మెల్లగా పైకి పోతాంది, ఇంకా పైకి పోతాంది, నా కళ్ళు మూతపడినాయి, దాంతోపాటు నా చెయ్యి కూడా పైకి పోయింది.

ఢమఢమఢమ!

కళ్ళు తెరిస్తే అక్షింతలు వానగా పడతాండాయి. పెళ్ళికొడుకు ఉత్తచేతులతో లేచి నిలబడి దిక్కులు చూస్తాండాడు. ఇంక జనాన్ని చూడాల! అక్షింతలు వేసినామో లేదో, పంక్తికి ఒకటే పరుగు. ఆ తోపుడులో మా పెద్దమ్మా, ఆమె చేతిలో పళ్ళెమూ, పళ్ళెంలో తాళీ భోజనాల హాల్లోకి కొట్టుకుపోయినాయి.

"తాళి ఏదిరా?" అని అరిచినాడు మా నాయన.

"పంక్తిలో కూచుంది!" అన్నారు ఎవరో.

పెళ్ళికొడుకు మేనమామ, గిద్దలూరాయన, అగ్గయిపోయినాడు. "తాళి కట్టకుండానే గట్టిమేళమా? అపశకునం! లేయిరా అల్లుడా, పోదాం!" మేళం మీదికీ పోయినాడు. "ఇంకోసారి తప్పు కొట్టినారంటే డోలు పగలగొడతా!"

"అన్నా, ముహూర్తం దాటిపోతాదన్నా," అని మా నాయన ఆయన గడ్డం పట్టుకున్నాడు. మా నాయన ఎవరి గడ్డమూ పట్టుకునే మనిషి కాదు. నాకు నా చెయ్యి నరుక్కోవాలనిపించింది. పీటల మీది నుంచి సుజాత నన్ను చూసిన చూపుకు అర్థం చెప్పే పని లేదు.

తాళి దొరికింది. పెళ్ళికొడుకు మంచోడు, కదల్లేదు. మా నరసయ్య మామ వచ్చి నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. "లేపినావంటే ఇరిచేస్తా ఎదవా!"

అయ్యగారు కేకేసినాడు, "గట్టిమేళం!"

చప్పుడు లేదు. డోలు పగులుతాదని భయపడి మేళమోళ్ళు నా చెయ్యి కోసం చూస్తాండారు. నా చెయ్యేమో మామ గుప్పెట్లో ఉంది. కొట్టమని తలకాయ ఊపినా. మళ్ళా రాగం తలుచుకొని ఊగుతాండానని అనుకున్నాడంట డోలాయన! అర్థాలు చెప్పే జబ్బు ఆయనకూ అంటింది.

పెళ్ళికొడుకు తాళి పట్టుకొని వంగినాడు. హాలంతా నిశ్శబ్దం.

"హా... హా... హాచ్చి!"

అందరం ఒక్కసారే తిరిగి చూసినాం. తుమ్మింది గిద్దలూరు మేనమామ!

అపశకునం అని అరవాల్సినోడే తుమ్మితే ఇంక అరిచేదెవరు? ఆయన కండువాతో ముక్కు మూసుకొని నేల చూపులు చూసినాడు. అప్పుడు పీటల మీద కూచున్న పెళ్ళికూతురు, తలొంచుకోవాల్సిన పిల్ల, గొంతు చించుకొని అరిచింది.

"మామా! మా అన్న చెయ్యి వదులు!"

వదిలినాడు. లేపినా. మోగింది. పెళ్ళయింది.

సాయంత్రం సన్నాయి ఆయన్ను నిలదీసినా. "ఆ రాగం అంత పైకి తీసుకుపోయినావే, ఆడపిల్ల పుట్టింటిని తలుచుకున్నట్టు! ఏం తలుచుకొని వాయించినావు?"

"ఏముంది నాయనా, ఆకలయితాండె. వడియాలు వేగే వాసన వచ్చింది."

మండిందా లేదా నాకు!

ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్నా. ఈ జన్మలో సంగీతం వినబడే చోట నా చెయ్యి భుజం దాటి లేవదు, తల ఆడదు, కన్ను మూతపడదు. కచేరీకి పోతే చేతులు తొడల కింద పెట్టుకొని శిలలాగా కూర్చుంటా. పక్కనోళ్ళు నన్ను రసం తెలియని మొద్దు అనుకుంటారు. అనుకోనీ.

మొన్న సుజాత గిద్దలూరు నుంచి ఫోన్ చేసింది. కూతురి ఓణీల ఫంక్షన్ అంట, సన్నాయి మేళం పెట్టినారంట.

"అన్నా, నువ్వు రాకపోతే నేను ఊరుకోను," అనింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

"వస్తాలేమ్మా. మేనమామను గదా, పట్టుపంచె కట్టుకొని వస్తా."

"పంచె వద్దన్నా," అనింది గబుక్కున. "ప్యాంటు వేసుకొని రా. జేబులుంటాయి."