రోజుకో మైలు అడవి

బుధవారం ఉదయం అమలాపురం ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కి గంట కాలేదు, ఫోను వచ్చింది. టీచరుగారింట్లో వంట చేసే ఆవిడ.

"మేడమ్ గారూ, టీచరుగారు లేవట్లేదండీ. పిలిచేను, కాళ్ళు పట్టుకుని కదిపేను. చల్లగా ఉన్నారండీ."

నర్సుని కాబట్టి ఆ మాటకి అర్థం వెంటనే తెలిసింది. అయినా మా ఊరు ఉప్పలగుప్తం వెళ్ళేదాకా, ఆటోలో కూర్చుని, ఆ చల్లదనానికి వేరే కారణాలు వెతుకుతూనే ఉన్నాను.

టీచరుగారు నాకు ఏడో తరగతిలో సైన్సు చెప్పారు. చాలా ఏళ్ళ తర్వాత నేను కువైట్‌లో ఉద్యోగం మానేసి వచ్చి అద్దెకు దిగిన ఇంటికి పక్కింటావిడ అయ్యారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. నాకూ ఎవరూ లేరు. సాయంత్రాలు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు తప్ప మా రెండిళ్ళలోనూ వేరే సందడి ఉండేది కాదు.

ఒకరోజు ప్రహరీగోడ దగ్గరికి వచ్చి, "వర్షారణ్యాల పాఠం చెబుతుంటే లేచి, 'మీరు చూసేరాండీ?' అని అడిగేవు, గుర్తుందా?" అన్నారు.

నాకు గుర్తు లేదు. ఆవిడకి ముప్పై ఏళ్ళుగా గుర్తుంది.

"చూడలేదని చెప్పేను. చూడనిదాన్ని తగ్గించే చెప్పాలి, పెంచి చెప్పకూడదు. సర్వీసంతా తగ్గించే చెప్పేనమ్మా. వెళ్దామా?"

అలా మొదలైంది. కర్ణాటకలో, పడమటి కనుమల్లో, ఆగుంబె. రాజమండ్రిలో రైలెక్కి బెంగుళూరు, అక్కణ్ణించి బస్సు. క్రిస్మస్ సెలవుల్లో అయితే వానలుండవు, హాయిగా తిరగవచ్చు అన్నాను.

"వాన అడవిని ఎండలో చూడ్డానికి అంత దూరం దేనికమ్మా?" అన్నారు.

జులై అనుకున్నాం. జలగలు దూరకుండా మోకాళ్ళ దాకా వచ్చే గుడ్డ మేజోళ్ళు టైలరు చేత కుట్టించారు, ఇద్దరికీ. ఒకటికి రెండుసార్లు తొడిగించి, నా పిక్కలు చూసి, "నీవి కొంచెం వదులు చేయించాలి" అన్నారు. వాన పడినప్పుడల్లా కాలవ గట్టు మీద నడక అలవాటు చేసుకునేవారు. ఎదురైనవాళ్ళు ఆగేవారు.

"వానలో ఎక్కడికండీ టీచరుగారూ?"

"అడవికి."

"ఆయ్. జాగ్రత్తండీ, గట్టు జారుతుంది."

ఏ అడవని ఒక్కరూ అడగలేదు. దానికి ఆవిడ చాలా రోజులు నవ్వుకున్నారు.

ఆ జులైలో మా ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు మానేశారు. సెలవు గట్టిగా అడిగితే ఇచ్చేవారే. నేను గట్టిగా అడగలేదు. "వచ్చే ఏడు వెళ్దాం లెండి" అన్నాను. "సరేనమ్మా" అన్నారు. ఆ చలికాలంలోనే స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ, మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి తప్ప నడవలేకపోయారు.

మళ్ళీ వానలు వచ్చాయి. "నువ్వెళ్ళు" అన్నారు.

"మీరు లేకుండా నేనెందుకండీ?"

"నేను రాలేను కాబట్టే నువ్వెళ్ళాలి. ఇద్దరం మానేస్తే ఎవరు చూసినట్టు?" ఆవిడకి కోపం రావడం నేను అప్పుడే చూశాను. ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. మర్నాడు టికెట్టు తీశాను.

నాలుగు రోజులు ఆ అడవిలో ఒక్కదాన్నే తిరిగాను. తిరిగొచ్చి మంచం పక్కన కూర్చోగానే గబగబా చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు.

"ఒక్కసారే చెప్పేయకు. రోజుకో మైలు నడిపించు."

ప్రతి సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి నడిపించాను. పెద్ద చెట్టు అంటే ఊరుకునేవారు కాదు. "ఎంత పెద్దది? మనిద్దరం చేతులు చాపితే అందుతుందా?" "అందదండీ." "బెరడు మీద ఏముంది?" "చూడలేదండీ." "పోనీలే, కల్పించి చెప్పలేదు" అనేవారు. ఒకరోజు ఏటవాలు దారి ఎక్కడం చెబుతుంటే కళ్ళు మూసుకుని, "ఆగమ్మా, ఆయాసంగా ఉంది. ఇక్కడ కాసేపు కూర్చుందాం" అన్నారు. ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. అవతల వంటింట్లో కుక్కరు కూతేసింది. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

మంగళవారానికి ఒక్క మైలు మిగిలింది. ఆ సాయంత్రం అలసిపోయి వచ్చాను.

"ఇది చెప్పేస్తే అయిపోయిందండీ" అన్నాను.

"బయటికి రావడానికి తొందరేముందమ్మా? రేపు చెబుదువు గాని. వెళ్ళి పడుకో."

గురువారం చర్చి వెనక సమాధుల తోటలో ఆవిడని దించారు. పాఠం విన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక ఇంటికొచ్చాను. సాయంత్రం ఆ వేళకి లేచి, చెప్పులు వేసుకుని, ఆవిడ గేటు దాకా వెళ్ళి ఆగాను. తాళం ఉంది.

ఆ మిగిలిన మైలు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

చివరి రోజు అడవిలోంచి తిరిగి వస్తుంటే వాన వెలిసింది. కొమ్మల పైన ఎక్కడో ఆకాశం తేటపడి, దారి మీదికి కాస్త వెలుగు దిగింది. గొడుగు ముడిచాను. అయినా తడుస్తూనే ఉన్నాను. పై కొమ్మల్లో నిలిచిన నీళ్ళు కింది ఆకుల మీదికి, వాటి నుంచి ఇంకా కింది ఆకుల మీదికి జారుతున్నాయి. ఆకాశంలో వాన ఆగిపోయి చాలాసేపైనా, చెట్ల కింద అది కురుస్తూనే ఉంది. దారిలో ముందూ వెనకా ఎవరూ లేరు. గొడుగు మళ్ళీ తెరవబుద్ధి కాలేదు. అలాగే నిలబడ్డాను.