బండి చేతులు మారే క్షణం

రావులపాలెంలో నాకు కారు నడపడం నేర్పిన మాస్టారు మొన్న గురువారం ఉదయం కన్నుమూశారు. కబురు అందేసరికి నేను ఆఫీసులో, కారు డ్రైవరుకు ఇచ్చే ఒక హెచ్చరికను సరిచూస్తున్నాను. ఆ హెచ్చరిక నిజానికి ఆయనది.

పగలు మెకానిక్ షెడ్డులో పనిచేసి, రాత్రి కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఏనాడూ వెనుకాడలేదు. తనంతట తానే స్టీరింగ్ తిప్పుకునే కార్లు డ్రైవరుకు ఏ గుర్తు చూపాలో, ఏ శబ్దం వినిపించాలో నిర్ణయించే బృందంలో ఇప్పుడు పనిచేస్తున్నాను.

మమ్మల్నందరినీ ‘నువ్వు’ అనే మాస్టారు, స్టీరింగ్ మీది నుంచి చెయ్యి తీసేముందు మాత్రం “బండి మీకిస్తున్నానండి” అనేవారు. “తీసుకున్నానండి” అని మేము పైకి అనేదాకా స్టీరింగ్ వదిలేవారే కాదు. తల ఊపితే చాలదు. ఒకసారి సిగ్గుపడి గొణిగినందుకు నా చేత అరటి మార్కెట్ ముందు కారు ఆపించి, గెలలు దించేవాళ్లంతా వినేలా మూడుసార్లు అనిపించారు.

కిందటేడు వేసవిలో, దాళ్వా వరి కోతలప్పుడు, మా బృందం పరీక్షిస్తున్న కారు తెచ్చి ఆయన్ను ఎక్కించుకున్నాను. రామచంద్రపురం దారిలో రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. దారి పోల్చుకునే తెల్లగీత కనిపించక కారు స్టీరింగ్ వదిలేసింది. తెర మూలన నేను ముచ్చటపడి గీసిన చిన్న ఆకుపచ్చ గుర్తు బూడిదరంగుకు మారింది. మాటల్లో పడి నేను చూడలేదు. చక్రం ధాన్యంలోకి దిగుతుంటే ఆయనే చెయ్యి చాచి స్టీరింగ్ లాగారు. గింజలు ఎగదోస్తున్న ఆడమనిషి రెండడుగుల దూరంలో ఉంది. ఆమె తిట్లన్నీ ఆయనే తలవంచుకుని పడ్డారు.

“ఇస్తున్నానని చెప్పకుండా వదిలేసిందిరా నీ కారు. నువ్వు తీసుకున్నావో లేదో దానికి అక్కర్లేదా?”

గుర్తు మారింది కదండీ అని వాదించాను.

“మరి నీకు కనపడలేదేంటి?”

నాకు రోషం వచ్చింది. చదువుకోని మనిషి నా పనికి వంక పెట్టడమా అనుకున్నాను. ఆ తలంపుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. పది రోజులకు ఆ గుర్తును నేనే తొలగించాను. ఇప్పుడు కారు గట్టిగా పిలిచి, స్టీరింగ్ తీసుకోమని అడుగుతుంది. డ్రైవరు రెండు చేతులతో స్టీరింగ్ పట్టేదాకా వేగం తగ్గించుకుంటూ వస్తుంది. అప్పటికీ పట్టకపోతే ఆగిపోతుంది.

వానాకాలం సార్వా నాట్ల రోజుల్లో ఆయన్ను మళ్లీ అదే దారిన తీసుకెళ్లాను. గీత చెరిగిపోయిన చోట కారు పిలిచింది. నేను కావాలనే ఆలస్యం చేశాను. అది నెమ్మదించి, నా చేతుల కోసం కాచుకుంది. మాస్టారు అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, నీళ్లు నిండిన చేలవైపు తిరిగారు. ఇంకొకరు నడిపే బండిలో ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పడం నేను అదే మొదటిసారి చూశాను.